ఓటికుండలో అక్షరములు: జ్ఞాపక సాధనములలో విద్యున్నష్టమును తగ్గించు విధములు



రాత్రి పడుకొనబోవు ముందు సెల్‌ఫోనును బల్లపై నుంచి, తెల్లవారువరకు ఎవ్వరును ముట్టకుండ విడిచిపెట్టుడు. తెర ఆరియుండును. పాట లేదు, మాట లేదు. అయినను ఉదయమున చూచినచో బ్యాటరీలో కొంత తరిగియుండును. వాడనిదే విద్యుత్తు ఎట్లు ఖర్చైనది? టవరుతో అప్పుడప్పుడు సంబంధము పెట్టుకొనుటకు కొంత వ్యయమగు మాట నిజమే. కాని కారణము అదియొక్కటే కాదు. తన జ్ఞాపకమున నున్నదానిని మరచిపోకుండుటకై ఆ ఫోను రాత్రియంతయు మేలుకొని పనిచేయుచునే యుండెను.

చెరువు క్రింద సేద్యము చేయు పెద్దల నడుగుడు. చెరువు నిండుట ఒక యెత్తు, నిండిన నీరు నిలుచుట ఒక యెత్తు అని చెప్పుదురు. కట్టలో ఎండ్రకాయ బొరియ యొకటి యున్నను, తూము తలుపు సరిగా పడకున్నను, కురిసిన వాన ఫలమంతయు వేసవి రాకముందే కారిపోవును. కంప్యూటరు జ్ఞాపకమునకు కలిగిన చిక్కు కూడ ఇట్టిదే. అందు నిలువయుండునది నీరు కాదు, విద్యుదావేశము. ఆ ఆవేశము ఏల కారుచున్నది, దానిని తగ్గించుటకు శాస్త్రజ్ఞులు ఏ యుపాయములు పన్నిరి, అందు మనము నేర్వదగినదేమి అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

1. అక్షరములు దాగియుండు గదులు

కంప్యూటరునకు తెలిసిన గుర్తులు రెండే: సున్న, ఒకటి. ఇట్టి గుర్తు నొకదానిని బిట్ అందురు. ఒక బిట్‌ను దాచుటకు ఒక చిన్న గది కావలెను. నేటి కంప్యూటర్లలోను ఫోనులలోను పనివేళ అక్కరకు వచ్చు ప్రధాన జ్ఞాపకమునకు డీ-ర్యామ్ అని పేరు. అందలి ప్రతి గదిలోను రెండే వస్తువులుండును. ఆవేశమును నిలువచేయు కెపాసిటరు ఒకటి. దానికి తలుపువలె నుండు ట్రాన్సిస్టరు మరియొకటి. కెపాసిటరు నిండియున్నచో దానిని ఒకటి అనియు, ఖాళీగానున్నచో సున్న అనియు అనుకొందము.

మన యక్షరములతోనే ఒక ఉదాహరణము చూతము. 'అ' అను అక్షరమును యూటీఎఫ్-8 అను పద్ధతిలో దాచినచో 24 బిట్లు పట్టును. అవి యివి:

11100000 10110000 10000101

ఇందు నిండిన గదులు 9, ఖాళీ గదులు 15. ఇప్పుడు ఎడమనుండి 22వ గదిలోని ఆవేశము మాత్రము కారిపోయినదనుకొందము. అచట ఒకటి పోయి సున్న మిగులును. తక్కిన 23 గదులును చెక్కుచెదరలేదు. అయినను కంప్యూటరు ఇక దానిని 'అ' అని చదువదు, అరసున్న అని చదువును! 'అమ్మ' అను మాటలో మొదటి అక్షరమే మాయమగును. ఒక్క గది కారుటచే ఇంత ముప్పు కలదు.

ఆ గది ఎంత చిన్నదియో లెక్కవేయుడు. దానిలోని కెపాసిటరు ధారణశక్తి సుమారు ఫారడులో కోటి కోటవ వంతు. దానిని ఒక వోల్టు వరకు నింపినచో అందు చేరునది సుమారు 62 వేల ఎలక్ట్రానుల ఆవేశము మాత్రమే. ఇట్టి గదులు 8 గిగాబైట్ల జ్ఞాపకములో సుమారు 6,870 కోట్లు కలవు. ఇన్ని కోట్ల కుండలను ఒక్కటియు కారకుండ కాపాడవలెను.

2. కారుటకు గల మూడు త్రోవలు

మొదటిది, మూసిన తలుపు సందు. ట్రాన్సిస్టరు మన యింటి స్విచ్చువంటిది కాదు. ఇంటి స్విచ్చును ఆర్పినచో లోపలి రేకుల నడుమ గాలి అడ్డముగ నిలుచును. ట్రాన్సిస్టరులో అట్టి యెడము లేదు. గేటు అను భాగమున వోల్టేజిని తగ్గించి సిలికానులోని దారిని మూయుదురు. మూసిన పిదపను, వేడిమిచే చురుకుగ కదలు కొన్ని ఎలక్ట్రానులు ఆవలికి దాటుచునే యుండును. సాధారణమైన గది ఉష్ణోగ్రతవద్ద ఈ కారుటను పదవ వంతునకు దించవలెనన్నచో గేటు వోల్టేజిని తక్కువలో తక్కువ 60 మిల్లీవోల్టులు దించవలెను. సాధారణపు ట్రాన్సిస్టరును ఎంత నేర్పుతో చేసినను ఇంతకంటె మేలుగా పనిచేయదు. ఇది పనివాని లోపము కాదు, ప్రకృతి గీచిన గీత.

రెండవది, పలుచని గోడ. గేటునకును సిలికానునకును నడుమ విద్యుద్బంధకమైన పొర యొకటి యుండును. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేయుచు పోగా, 2000 తరువాతి సంవత్సరములలో ఈ పొర సుమారు 1.2 నానోమీటర్ల మందమునకు, అనగా కొలదిపాటి పరమాణువుల వరుసలకు దిగినది. అంత పలుచని గోడ ఎలక్ట్రానులకు గోడయే కాదు. క్వాంటమ్ సిద్ధాంతము చెప్పునట్లు, అవి గోడ నెక్కకయే, తొలువకయే ఆవలి ప్రక్కకు చేరుచుండును. దీనినే టనెలింగ్ అందురు.

మూడవది, అడుగు. కెపాసిటరునకు అంటియున్న సిలికాను సంధినుండి కొంత ఆవేశము అడుగుననున్న సిలికానులోనికి పోవును. ఇది చెరువునీరు నేలలో ఇంకుటవంటిది.

వేడిమి పెరిగినకొలది తలుపుసందునుండియు అడుగునుండియు కారుట మిక్కిలి హెచ్చును. ఈ మాట గుర్తుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

3. కారుచున్న కుండను నింపుచునే యుండుట

ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు గల గదిని 1966లో ఊహించినవాడు ఐబీఎం సంస్థలోని శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్. 1968లో అతనికి దానిపై పేటెంటు లభించెను. గదిలోని ఆవేశము కారిపోవునని అతనికి తెలియును. అది పూర్తిగ కారకముందే చదివి, చదివినదానిని మరల అచటనే వ్రాసినచో చాలునని అతడు గ్రహించెను. ఇట్లు మరల మరల నింపుటకు రిఫ్రెష్ అని పేరు.

1970లో ఇంటెల్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన 1103 అను చిప్పులో గదులు 1,024 మాత్రమే. వానిని 2 మిల్లీసెకనుల కొకమారు నింపవలసియుండెను. తరువాత చాలకాలము డీ-ర్యామ్‌లో సాధారణముగ ప్రతి గదిని 64 మిల్లీసెకనులలో ఒకమారు నింపుచు వచ్చిరి. ఈ లెక్కన ఒక్క దినములో ప్రతి గదియు 13 లక్షల 50 వేల మారులు నింపబడుచున్నది. ఊరిలో నీరుగంటి మడిమడికి తిరిగి నీరు పారించినట్లు, జ్ఞాపకమును నడపు యంత్రభాగము గదుల వరుసలన్నింటిని రాత్రింబవళ్లు చుట్టివచ్చుచుండును.

ఈ కాపలాకు రెండు విధముల మూల్యము చెల్లింపవలెను. నింపినప్పుడెల్ల విద్యుత్తు ఖర్చగును. నింపుచున్న వరుసలను ఆ క్షణమున చదువుటకు వీలుండదు గనుక కాలమును ఖర్చగును. గదుల సంఖ్య పెరిగినకొలది ఈ రెండును పెరుగును. కావున కారుటను తగ్గించుట, నింపుటను తగ్గించుట అను రెండు పనులును జంట యెడ్లవలె సాగవలెను.

4. కారుటను తగ్గించు ఉపాయములు

(అ) గోడను మార్చుట. పొర పలుచనైనచో కారును; మందమైనచో గేటు మాట ట్రాన్సిస్టరు వినదు. ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు పొర మందమును గాక పదార్థమునే మార్చిరి. సిలికాను డయాక్సైడునకు బదులు హాఫ్నియము కలిసిన పదార్థమును వాడినచో, గోడ మందముగా నున్నను గేటు పట్టు సడలదు. ఇంటెల్ సంస్థ 2007లో తన 45 నానోమీటర్ల ప్రాసెసర్లలో ఈ పదార్థమును వాడెను. గోడగుండ కారుట పది రెట్లకు మించి తగ్గినదని ఆ సంస్థ ప్రకటించెను. డీ-ర్యామ్ కెపాసిటర్లలో కూడ జిర్కోనియము మున్నగువాని ఆక్సైడులను ఇట్టి గుణమునకే వాడుచున్నారు.

(ఆ) తలుపును బిగించుట. తలుపు మూసినప్పుడు గేటు వోల్టేజిని సున్నవద్ద ఆపక, సున్నకంటె కొంచెము క్రిందికి దించుదురు. తలుపునకు గడియ వేసినట్లగును. అదిగాక ట్రాన్సిస్టరు దారిని సిలికానులో గుంటవలె లోతుగా వంచి పొడవు చేయుదురు. దారి పొడవైనకొలది దొంగ ఎలక్ట్రానులు దాటుట కష్టము. అయితే ఇందొక మెలకువ కలదు. గేటు వోల్టేజిని అతిగా దించినచో గేటు అంచువద్ద మరియొక కారుట మొదలగును. అతి సర్వత్ర పనికిరాదను పెద్దల మాట ఇచటను చెల్లును.

(ఇ) వోల్టేజిని తగ్గించుట. కెపాసిటరులో నిలుచు శక్తి వోల్టేజి వర్గమును బట్టి యుండునని మీరు చదివియుందురు. 2000 సంవత్సరమున వచ్చిన డీడీఆర్ జ్ఞాపకము 2.5 వోల్టులతో పనిచేసెను. 2020లో ప్రమాణము ఏర్పడిన డీడీఆర్-5 జ్ఞాపకము 1.1 వోల్టుతో పనిచేయును. తక్కినవన్నియు సమానమైనచో, ఒకమారు నింపుటకగు శక్తి ఈ మార్పుచే సుమారు ఐదవ వంతునకు దిగును.

అట్లైన వోల్టేజిని ఇంకను దించరాదా? 1974లో అదే డెనార్డ్ తోటివారితో కలిసి ఒక సూత్రమును ప్రకటించెను: ట్రాన్సిస్టరును చిన్నది చేయునపుడు వోల్టేజిని కూడ అదే పాళ్లలో తగ్గించినచో వేడిమి పెరుగదని. మూడు దశాబ్దములు పరిశ్రమ ఈ బాటనే నడచెను. కాని వోల్టేజితోపాటు తలుపు తెరచుకొను హద్దును కూడ దించవలెను గదా! ఆ హద్దు దిగినకొలది, పైన చెప్పిన 60 మిల్లీవోల్టుల లెక్క తిరుగబడి, కారుట పది రెట్లు, నూరు రెట్లు హెచ్చును. అందువలన 2005 ప్రాంతమున ఆ బాట ఆగిపోయినది. చిన్నవి చేయుటచేతనే లాభము లభించు కాలము అంతటితో ముగిసినది.

(ఈ) కునుకు తీయించుట. ప్రాసెసరునకు సమీపమున ఎస్-ర్యామ్ అను మరియొక జ్ఞాపకముండును. దాని గది నొక్కింటిలో సాధారణముగ ఆరు ట్రాన్సిస్టర్లుండును. దానిని మరల మరల నింపనక్కరలేదు. కాని విద్యుత్తు అందుచున్నంతకాలము ఆ ట్రాన్సిస్టర్లగుండ కొంత కారుచునే యుండును. పని లేని గదులకు విద్యుత్తును పూర్తిగ నిలిపినచో కారుట ఆగును, కాని అందున్నదియు పోవును. 2002లో ప్రకటితమైన యొక పరిశోధనలో మధ్యేమార్గము చూపిరి. పని లేని గదుల వోల్టేజిని, ఉన్నది చెడకుండునంతవరకు మాత్రమే తగ్గించుదురు. గది నిద్రపోదు, కునుకు తీయును. చదువవలసి వచ్చినపుడు వోల్టేజిని పెంచి లేపుదురు.

(ఉ) వేడిని బట్టి, అవసరమును బట్టి నింపుట. 64 మిల్లీసెకనుల పద్ధతి గల డీ-ర్యామ్ వేడిమి 85 డిగ్రీల సెంటిగ్రేడును దాటినచో 64కు బదులు 32 మిల్లీసెకనుల కొకమారు నింపవలెనని ప్రమాణము. అనగా వేడెక్కిన యంత్రమునకు కాపలా రెట్టింపు. ఫోనులలోని జ్ఞాపకమునందు ఉష్ణోగ్రతను కనిపెట్టు సాధనముండును. చల్లగానున్నచో నింపుటను అరుదు చేయుదురు. విలువైన సమాచారము లేని భాగమును అసలే నింపక విడిచిపెట్టు ఏర్పాటు కూడ కలదు. పైరు లేని మడికి నీరు పెట్టుట దేనికి?

5. బలహీనులను ఎరుగుట

ఇక ఈ పాఠమునకు ప్రాణమువంటి విషయమును చెప్పెదను. 64 మిల్లీసెకనులను ఎవరిని చూచి నిర్ణయించిరి? మిక్కిలి బలహీనమైన గదిని చూచి. తక్కిన గదులలో చాలభాగము అంతకు ఎన్నో రెట్లు ఎక్కువకాలము ఆవేశమును నిలుపుకొనగలవు. అయినను, కొన్నింటి బలహీనతవలన అన్నింటిని అదే వేగముతో నింపుచున్నారు.

2012లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని లెక్కించి చూపిరి. 32 గిగాబైట్ల జ్ఞాపకములో సుమారు 27,488 కోట్ల గదులుండగా, 256 మిల్లీసెకనులు కూడ ఓర్వలేని గదులు వేయికి అటునిటుగ మాత్రమే యుండునని వారి యంచనా. ఆ గదులున్న వరుసలను గుర్తించి, వానిని మాత్రము తరచుగ నింపి, తక్కినవానిని 256 మిల్లీసెకనుల కొకమారు నింపినచో చాలునని వారు సూచించిరి. కంప్యూటరు నమూనాపై పరీక్షింపగా, నింపుటల సంఖ్య నూటికి 74.6 వంతులు తగ్గినది. డీ-ర్యామ్ విద్యుత్తు ఖర్చు సగటున నూటికి 16.1 వంతులు తగ్గినది. ఆ వరుసల పట్టికను దాచుటకు కావలసిన చోటు 1.25 కిలోబైట్లు మాత్రమే!

చూచితిరా! ఇందు క్రొత్త పదార్థము లేదు, క్రొత్త ట్రాన్సిస్టరు లేదు. ఏది బలహీనమో తెలిసికొనుటయే ఉపాయము. అయితే ఆ తెలిసికొనుట తేలిక కాదు. కొన్ని గదులు ఒకనాడు బలముగనుండి మరియొకనాడు బలహీనపడును. వేడిమిని బట్టియు మారును. కావున ఒకమారు పరీక్షించి నిశ్చింతగ నుండుటకు వీలులేదు.

6. విద్యుత్తు లేకయే నిలుపు జ్ఞాపకము

తల్లిదండ్రులకు ఈ భాగము ముఖ్యము. పెన్‌డ్రైవు, మెమరీ కార్డు, ఫోనులోని ఫోటోల నిలువ, ఇవి ఫ్లాష్ అను జాతికి చెందినవి. దీనికి మూలమైన, నలువైపుల బంధకముచే మూయబడిన గేటును 1967లో బెల్ ప్రయోగశాలలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనువారు ప్రతిపాదించిరి. 1984లో తోషిబా సంస్థకు చెందిన ఫూజియో మసూకా ఫ్లాష్ జ్ఞాపకమును లోకమునకు తెలిపెను. ఇందు ఆవేశము తలుపు లేని గదిలో బందీగ నుండును గనుక విద్యుత్తు తీసివేసినను సంవత్సరములు నిలుచును. మరల మరల నింపు ఖర్చు లేదు.

కాని వ్రాసినప్పుడెల్ల ఎలక్ట్రానులను ఆ గోడగుండ బలవంతముగ పంపవలెను. అందుచే గోడ క్రమముగ అరిగి, కారుటకు త్రోవలేర్పడును. ఇండ్లలో వాడు ఎస్ఎస్‌డీ యను నిలువ సాధనము, దానికి నిర్ణయించిన వ్రాతల పరిమితి ముగిసిన పిదప, విద్యుత్తు లేకుండ 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరము సమాచారమును నిలుపవలెనని పరిశ్రమ ప్రమాణము. క్రొత్తది అంతకంటె చాలకాలము నిలుపును. వేడిచోట నుంచినచో ఈ గడువు తగ్గును.

కావున పెండ్లి ఫోటోలు, తాతగారి కంఠధ్వని, పొలము కాగితముల నకళ్లు మున్నగువానిని ఒకే పెన్‌డ్రైవులో వేసి పెట్టెలో పెట్టి మరచిపోవలదు. రెండు వేర్వేరు సాధనములలో నుంచుడు. ఎండలో నిలిపిన బండిలో వానిని విడువకుడు. ఏటికొకమారు తెరచి చూచి, అవసరమైనచో క్రొత్త నకలు తీయుడు.

అయస్కాంతత్వముతో బిట్‌ను నిలుపు ఎమ్-ర్యామ్ అను జాతి కూడ కలదు. అందలి బిట్ ఆవేశము కాదు గనుక కారిపోదు; కాని వ్రాయుటకు ఎక్కువ విద్యుత్తు కావలెను. ఒకచోట మిగిల్చినది మరియొకచోట చెల్లింపవలసి యుండును.

7. మీరు చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయుని యెదుట మాత్రమే చేయుడు. 1000 మైక్రోఫారడుల, 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, 9 వోల్టుల బ్యాటరీ, 1000 ఓముల నిరోధకము, ఒక ఎల్ఈడీ దీపము తెచ్చుకొనుడు. ధన, ఋణ ధ్రువములను సరిచూచుకొని, నిరోధకముగుండ కెపాసిటరును పది సెకనులు నింపుడు. ధ్రువములు తారుమారైనచో కెపాసిటరు వేడెక్కి పగులవచ్చును. ఇంటి కరెంటును ఎన్నడును వాడరాదు. నింపిన వెంటనే నిరోధకముగుండ దీపమునకు కలిపి వెలుగును చూడుడు. మరల నింపి ఒక గంట, ఒక దినము, రెండు దినములు ఆగి చూడుడు. రెండు కెపాసిటర్లును ఒకే విధముగ నిలుపుకొనుచున్నవా? ఒకదానిని నీడలోను, రెండవదానిని వెచ్చని చోటను ఉంచినచో ఏమగును? పట్టిక వ్రాయుడు.

ముగింపు

కారని కుండ లోకమున లేదు. గోడను మార్చి, తలుపు బిగించి, ఒత్తిడి తగ్గించి కారుటను కొంత ఆపవచ్చును. అటుపై మిగిలిన కారుటను తెలివితో నింపి గెలువవలెను. మీ చదువునకును ఇదే వర్తించును. పరీక్ష ముందు పుస్తకమంతయు ఒకే తీరున తిరుగవేయువాడు అలసిపోవును. తనకు ఏ పాఠము త్వరగ మరపునకు వచ్చునో గుర్తించి, దానిని తరచుగను, తక్కినవానిని అరుదుగను చదువువాడు తక్కువ శ్రమతో ఎక్కువ నిలుపుకొనును. కావున ముందు మీ బలహీనపు గదుల పట్టికను వ్రాసికొనుడు.

అభ్యాసము

1. డీ-ర్యామ్ గదిలో ఆవేశము కారు మూడు త్రోవలను సొంత మాటలలో వివరింపుడు.
2. 64 మిల్లీసెకనులలో 8,192 మారులు నింపు ఆజ్ఞలు వెలువడినచో, రెండు ఆజ్ఞల నడుమ కాలమెంత?
3. 2.5 వోల్టుల నుండి 1.1 వోల్టునకు దించినచో శక్తి సుమారు ఐదవ వంతగునని లెక్కవేసి చూపుడు.
4. 'అ' అక్షరపు 24 బిట్లను వ్రాసి, 22వ గది కారిన పిదప మిగులు బిట్లను వ్రాయుడు.
5. ఇంటిలో ముఖ్యమైన ఫోటోలు, పత్రములు ఎన్ని చోట్ల దాచబడినవో పెద్దల నడిగి తెలిసికొని, ఈ పాఠమున నేర్చినదానిని వారికి చెప్పుడు.